ట్యాగును ఎవరు రాయాలి?

ఒక హార్డ్‌వేర్ దుకాణం కోసం వెబ్ అప్లికేషన్ రాశారనుకుందాం. సరుకుల జాబితాలో ఒక పేరు ఇలా ఉంది: పీవీసీ పైపు 2" నీలం. పేరు సరిదిద్దే పేజీలో ఇన్‌పుట్ ట్యాగు వాల్యూ దగ్గర, రెండు డబుల్ కోట్ల మధ్య, ప్రోగ్రాము ఆ పేరును ఉన్నదున్నట్టు అతికించింది. చదువుకుంటూ వచ్చిన బ్రౌజరు అంగుళం గుర్తు దగ్గరే విలువ ముగిసిందనుకుంటుంది. పెట్టెలో "పీవీసీ పైపు 2" వరకే కనిపిస్తుంది. మిగిలిన మాట ఏదో కొత్త ఆట్రిబ్యూట్ అయి కూర్చుంటుంది. యజమాని సేవ్ నొక్కగానే డేటాబేసులోంచి రంగు మాయమవుతుంది. ఇక్కడ ఎవరి దురుద్దేశమూ లేదు. అదే చోట "నీలం" బదులు ఆన్‌ఫోకస్ అని మొదలుపెట్టి ఒక జావాస్క్రిప్టు ముక్క రాస్తే, ఆ పెట్టెలో కర్సర్ పెట్టినవారి బ్రౌజరులో అది నడుస్తుంది. పొరపాటుకూ దాడికీ మూలం ఒక్కటే. ప్రోగ్రాము తన ట్యాగునూ మనిషి రాసిన మాటనూ ఒకే స్ట్రింగులో కలిపేసింది. ఏది ఏదో ఇక దానికే తెలియదు.

వెబ్ ఫ్రేమ్‌వర్కులు పుట్టినప్పటి నుంచీ తేలని ప్రశ్న ఒకటుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగులను మనిషి టెంప్లేటులో చేత్తో రాయాలా, ప్రోగ్రాములోని ఫంక్షన్ల చేత పుట్టించాలా? పైకి ఇది అభిరుచుల తగాదాలా కనిపిస్తుంది. ఒకరికి టెంప్లేటు చదవడం హాయి, ఇంకొకరికి ఫంక్షను పిలవడం సులువు. ముప్పై ఏళ్లుగా వచ్చిన పద్ధతులను వరసపెట్టి చూస్తే మాత్రం అసలు తేడా అక్కడ లేదని తెలుస్తుంది. పేజీ తయారయ్యే చివరి క్షణం దాకా ఏది ట్యాగో, ఏది పాఠ్యమో ప్రోగ్రాముకు గుర్తుందా? ఏ పద్ధతి మంచిచెడ్డలైనా తేలేది ఈ ప్రశ్న దగ్గరే. ఈ వ్యాసంలో నా కొలత అదే.

ప్రింటు రోజుల నుంచి

1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ ట్యాగుల తొలి జాబితా బయటపెట్టినప్పుడు అందులో ఉన్నవి 18. వాటిని జనం చేత్తో రాస్తారని ఆయన అనుకోలేదు. నెక్స్ట్ కంప్యూటరు మీద ఆయన తయారుచేసిన తొలి బ్రౌజరు ఎడిటరు కూడా. ట్యాగులు లోపలే ఉండిపోవాలి, మనిషి పేజీని మాత్రమే చూడాలి అన్నది ఆలోచన. తరువాత వ్యాపించిన బ్రౌజర్లు పేజీని చూపించడంతోనే ఆగిపోయాయి, రాసే సదుపాయం ఇవ్వలేదు. దాంతో ట్యాగులు మనుషుల చేతికొచ్చాయి. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ బృందం సీజీఐ అనే ఏర్పాటు తేవడంతో ప్రోగ్రాముల చేతికీ వచ్చాయి.

ఆనాటి పెర్ల్ ప్రోగ్రాములు తెరిస్తే పేజీల పొడవునా ప్రింట్ వాక్యాలే ఉంటాయి. ట్యాగంతా కోట్లలో, ఆ కోట్ల లోపల మళ్లీ ఆట్రిబ్యూట్ కోట్లు. ఈ చిక్కు విప్పడానికి జన్యు సమాచారం మీద పనిచేసే శాస్త్రవేత్త లింకన్ స్టైన్ సీజీఐ.పీఎం అనే మాడ్యూలు రాశారు. అందులో ఒక్కో ట్యాగుకు ఒక్కో ఫంక్షను. తెరిచిన ట్యాగును మూయడం మరిచిపోయే బెడద తగ్గింది. ఫారంలో ఏదో తప్పుపడి పేజీ మళ్లీ వచ్చినప్పుడు, అంతకుముందు నింపిన విలువలు పెట్టెల్లో అలాగే ఉండేవి. ఈ రెండో సంగతి చిన్నది కాదు. ఫారం నింపడానికి కష్టపడిన మనిషి శ్రమను ప్రోగ్రాము గౌరవించడం అక్కడ మొదలైంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఏ ఫ్రేమ్‌వర్కు నుంచైనా మనం ముందుగా ఆశించేది అదే. అయినా ఆ మాడ్యూలు నిలవలేదు. 2015లో పెర్ల్ 5.22 దాన్ని తన మూల పంపిణీలోంచి తీసేసింది. ట్యాగులు పుట్టించే ఫంక్షన్లను ఇక వాడవద్దని ఆ మాడ్యూలు సొంత పత్రాలే చెబుతున్నాయి. పేజీ రూపం మొత్తం ప్రోగ్రాము లోపల చిక్కుకుపోతే డిజైన్ చేసేవారు దాని మీద చెయ్యి వేయలేరు. ఒక డివ్ మార్చాలన్నా ప్రోగ్రామరును పిలవాల్సిందే.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ దీన్ని తలకిందులు చేసింది. పేజీ హెచ్‌టీఎంఎల్‌గానే ఉంటుంది, నడుమ నడుమ కోడు వస్తుంది. చదవడం తేలికైంది, జనం కోట్లాది పేజీలు రాశారు. కానీ పాఠ్యాన్ని ఎస్కేప్ చేసే, అంటే అందులోని కోట్లు, కోణం గుర్తులు ట్యాగులో భాగం కాకుండా మార్చే, బాధ్యత పూర్తిగా మనిషి మీద పడింది. విలువను బయటికి పంపే ప్రతిచోటా హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అనే ఫంక్షను రాయాలి. వంద చోట్ల రాసి ఒక్కచోట మరిచినా ఆ ఒక్కచోటే రంధ్రం. పైగా చాలా ఏళ్లు ఆ ఫంక్షను, ప్రత్యేకంగా అడిగితే తప్ప, సింగిల్ కోటును ముట్టుకునేది కాదు. ఆట్రిబ్యూటును సింగిల్ కోట్లలో రాసే అలవాటున్నవారు జాగ్రత్తగా ఎస్కేప్ చేసినా ఫలితం దక్కేది కాదు. ఆ లోటు 2021లో పీహెచ్‌పీ 8.1తో తీరింది. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన భద్రత ఎంత బలహీనమో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇదే కాలంలో ఇంకో వర్గం వేరే దారిలో నడిచింది. లిస్ప్, స్మాల్‌టాక్, హాస్కెల్ భాషలవారికి హెచ్‌టీఎంఎల్ మొదటి నుంచీ స్ట్రింగులా కాక కొమ్మలున్న చెట్టులా కనిపించింది. ఏవీ బ్రయంట్ మొదలుపెట్టిన సీసైడ్ ఫ్రేమ్‌వర్కులో టెంప్లేట్లే ఉండవు. పేజీ అంతా స్మాల్‌టాక్ సందేశాలతో గీస్తారు. క్లోజర్ భాషలో జేమ్స్ రీవ్స్ రాసిన హికప్‌లో ట్యాగు అంటే ఒక వెక్టార్: మొదట ట్యాగు పేరు, తరువాత ఆట్రిబ్యూట్లు, ఆపైన పిల్లలు. మామూలు డేటాలాగే దాన్ని తిప్పవచ్చు, వడపోయవచ్చు, పరీక్షించవచ్చు. హాస్కెల్‌లో బ్లేజ్, ఎల్మ్‌లో హెచ్‌టీఎంఎల్ లైబ్రరీ ఇంకో అడుగు వేసి, ట్యాగుకూ పాఠ్యానికీ వేర్వేరు టైపులు ఇచ్చాయి. మామూలు స్ట్రింగును ట్యాగుగా వాడబోతే కంపైలరే ఆపుతుంది. సిద్ధాంతరీత్యా ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు. అయితే చెట్టు రూపం ఉన్నంత మాత్రాన భద్రత దానంతటదే రాదు. హికప్ తొలి రూపంలో వెక్టార్ లోపలి పాఠ్యం ఎస్కేప్ కాకుండానే బయటికి వెళ్లేది. రెండో రూపంలోనే ఎస్కేప్ చేయడం దాని సహజ ప్రవర్తన అయింది. నిర్మాణం సరిగ్గా ఉన్నా, ఆకు దగ్గర ఉన్నది పాఠ్యమన్న నియమాన్ని ఎవరో ఒకరు అమలు చేయాల్సిందే.

రైల్స్ దారి

ఈ ప్రశ్నలోని మలుపులన్నీ ఒక్కచోట చూడాలంటే రూబీ ఆన్ రైల్స్ చరిత్ర చూడాలి. 2004లో డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ దాన్ని విడుదల చేసినప్పుడు రెండు దారులనూ కలిపారు. పేజీ అస్థిపంజరం టెంప్లేటులో చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్. లింకు, ఫారం, బొమ్మ వంటివి మాత్రం హెల్పర్లు అనే రూబీ ఫంక్షన్ల పని. వాటి అడుగున ఉండే కంటెంట్_ట్యాగ్ అనే హెల్పరుకు ట్యాగు పేరు, లోపలి పాఠ్యం, ఆట్రిబ్యూట్ల పట్టిక ఇస్తే పూర్తి ట్యాగు వస్తుంది. 2017లో 5.1 రూపంతో ఇది మరింత తేలికైంది. ట్యాగ్ అని రాసి, చుక్క పెట్టి, డివ్ అనో సెక్షన్ అనో రాస్తే చాలు.

డివ్ అన్న మూడక్షరాల ట్యాగును ఫంక్షనుగా రాయడంలో పెద్ద లాభం లేదు, చదివేవారికి ఒక మెట్టు పెరుగుతుంది కూడా. మనుషులు మరిచిపోయే నియమాలను హెల్పరు గుర్తుపెట్టుకున్నప్పుడే దాని విలువ తెలుస్తుంది. చెక్‌బాక్సు సంగతే చూడండి. టిక్కు తీసేసిన చెక్‌బాక్సు గురించి బ్రౌజరు సర్వరుకు ఏమీ పంపదు. "అవును" అన్నది వస్తుంది, "కాదు" అన్నది రానే రాదు. "నాకు ఎస్‌ఎంఎస్‌లు పంపండి" అన్న టిక్కును ఎవరైనా తీసేస్తే, ఆ కోరిక డేటాబేసుకు చేరే దారే ఉండదు. అందుకే రైల్స్ చెక్‌బాక్సు హెల్పరు ముందుగా అదే పేరుతో, సున్నా విలువతో కనిపించని పెట్టె ఒకటి పెడుతుంది. టిక్కు ఉంటే తరువాత వచ్చిన విలువ దాన్ని దాటేస్తుంది, లేకపోతే సున్నా చేరుతుంది. టెక్స్ట్ఏరియా దగ్గర ఇంకా సూక్ష్మమైనది ఉంది. తెరిచే ట్యాగు వెంటనే వచ్చే మొదటి కొత్త లైనును పారేయాలని హెచ్‌టీఎంఎల్ నియమం. ఎవరైనా తమ పాఠ్యాన్ని ఖాళీ లైనుతో మొదలుపెట్టి ఉంటే, సవరించిన ప్రతిసారీ ఒక్కో లైను పోతుంది. అందుకని ఆ హెల్పరు తానే ఒక కొత్త లైను అదనంగా చేర్చి ఇస్తుంది, బ్రౌజరు పారేసేది దాన్ని. బీఆర్, ఐఎంజీ, ఇన్‌పుట్ లాంటి 13 ట్యాగులకు మూసే ట్యాగు ఉండకూడదన్న సంగతీ ట్యాగ్ హెల్పరుకు తెలుసు. హెచ్‌టీఎంఎల్ ఫారాలు గెట్, పోస్ట్ తప్ప వేరే పద్ధతి ఎరగవు కాబట్టి, తొలగింపు, సవరణలకు ఫారం హెల్పరు దాచిన పెట్టె ఒకటి చేరుస్తుంది. వేరే సైటు నుంచి దొంగచాటుగా పంపిన ఫారాన్ని పట్టుకునే టోకెన్‌ను కూడా చేరుస్తుంది. ఇవన్నీ ప్రతి ప్రోగ్రామరూ ప్రతి ఫారంలో చేత్తో రాయాలంటే సాధ్యం కాదు. ఇలాంటి చోట ట్యాగును ప్రోగ్రాముతో పుట్టించడం సౌకర్యంతో ఆగదు, అదే సరైన పని అవుతుంది.

పుట్టించే చోట తీసుకున్న ఒక నిర్ణయం ఎంత దూరం వెళ్తుందో కూడా రైల్స్‌లోనే చూశాం. 5.1లో కొత్తగా వచ్చిన ఫామ్_విత్ హెల్పరు పెట్టెలకు ఐడీలు ఇవ్వడం మానేసింది. విడిగా ఉన్న లేబులు ట్యాగు తన పెట్టెను వెతుక్కునేది ఆ ఐడీతోనే. అది లేకపోతే లేబులు మీద నొక్కినా కర్సరు పెట్టెలోకి వెళ్లదు. చూపులేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఆ పెట్టె దేనికోసమో చెప్పలేకపోతుంది. 5.2లో ఐడీలు తిరిగొచ్చాయి. ఒక్క సెట్టింగు మారితే ఎన్నో అప్లికేషన్ల ఫారాలు ఒక్కసారిగా మెరుగుపడతాయి, లేదా దెబ్బతింటాయి. హెల్పర్లు రాసేవారి మీద ఉన్న ఈ బరువును ఎంత చెప్పినా తక్కువే.

ఇక భద్రత. 2010లో రైల్స్ 3 వచ్చేదాకా టెంప్లేటులో ఎస్కేప్ చేయడం మనిషి పనే. రైల్స్ 3 ఆ పద్ధతిని మార్చింది. టెంప్లేటులోకి వచ్చే ప్రతి స్ట్రింగూ ఎస్కేప్ అవుతుంది, "ఇది సురక్షితం" అన్న ముద్ర ఉన్నవి తప్ప. ఆ ముద్ర ఉన్న స్ట్రింగును సేఫ్‌బఫర్ అంటారు. దానికి మామూలు స్ట్రింగును చేర్చితే, చేరే ముందే అది ఎస్కేప్ అవుతుంది. హెల్పర్లు తిరిగిచ్చేవన్నీ సేఫ్‌బఫర్లే. అంటే స్ట్రింగే అయినా, ట్యాగుకూ పాఠ్యానికీ తేడా తెలిసిన స్ట్రింగు. పైథాన్ ఫ్రేమ్‌వర్కు జాంగో అంతకుముందే, 2008 నాటి 1.0 రూపంలోనే, ఈ దారి పట్టింది. చెట్టును వాడేవారి క్రమశిక్షణను, చెట్టు లేకుండానే, టెంప్లేట్ల ప్రపంచానికి తెచ్చిన తెలివైన రాజీ ఇది.

రాజీలో ఒక బలహీనత ఉంది. హెచ్‌టీఎంఎల్_సేఫ్ అన్న పిలుపు పేరు వింటే ఏదో శుద్ధి చేస్తుందనిపిస్తుంది. అది ముద్ర వేస్తుందే తప్ప దేన్నీ శుభ్రం చేయదు. అది కోడులోకి చొరబడే తీరు చాలా ప్రాజెక్టుల్లో ఒకేలా ఉంటుంది. ఎవరో రెండు హెల్పర్ల ఫలితాలను మామూలు రూబీ పద్ధతిలో ఒక స్ట్రింగులో పొదుగుతారు, లేదా జాబితాను జాయిన్ చేస్తారు. అక్కడ ముద్ర పోతుంది. పేజీలో లింకుకు బదులు కోణం గుర్తులతో సహా ట్యాగే అక్షరాలా కనిపిస్తుంది. సాయంత్రం గడువు ముంచుకొస్తుంటే చివర హెచ్‌టీఎంఎల్_సేఫ్ తగిలిస్తారు. తెర మీద లింకు సరిగ్గా వస్తుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ లోపల పొదిగిన యూజరు పేరు కూడా ఇప్పుడు సురక్షితమనే ముద్రతో బయటికి పోతోంది. సేఫ్_జాయిన్ అనే హెల్పరు సరిగ్గా ఇలాంటి చోటు కోసమే ఉంది. కోడు సమీక్షలో హెచ్‌టీఎంఎల్_సేఫ్, అదే పని చేసే రా అన్న రెండు మాటలను వెతికి, ఒక్కొక్కదాన్ని పట్టుకుని "ఇది ఎందుకు?" అని అడిగే అలవాటు ప్రతి బృందానికీ ఉండాలని గట్టిగా నమ్ముతాను.

హెల్పర్లు కూడా తప్పు చేశాయి. 2016 ఆగస్టులో బయటపడిన లోపం ఇలాంటిది: సురక్షితమన్న ముద్ర ఉన్న స్ట్రింగును ట్యాగ్ హెల్పరుకు ఆట్రిబ్యూట్ విలువగా ఇస్తే, హెల్పరు ఆ ముద్రను నమ్మి లోపలి కోట్లను ఎస్కేప్ చేయలేదు. రెండు ట్యాగుల మధ్య నిరపాయంగా ఉండే పాఠ్యం, ఆట్రిబ్యూట్ కోట్ల మధ్యకు రాగానే ప్రమాదమైంది. మొదట చెప్పిన అంగుళం గుర్తు సమస్యే, ఈసారి ఫ్రేమ్‌వర్కు లోపల. 2022 ఏప్రిల్‌లో ఇంకొకటి. ఆట్రిబ్యూట్ విలువలు ఎస్కేప్ అవుతున్నాయి గానీ, యూజరు ఇచ్చిన మాటను ఆట్రిబ్యూట్ పేరుగా వాడితే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండింటినీ వెంటనే సరిదిద్దారు. "సురక్షితం" అంటే ఎక్కడ సురక్షితమన్న ప్రశ్న మాత్రం ముద్రకు బయటే ఉండిపోయింది.

వెనక్కి, ముందుకి

మిగతా ఫ్రేమ్‌వర్కుల్లో కొన్నేళ్లుగా ట్యాగులు పుట్టించే ఫంక్షన్లు మూలంలోంచి జరిగిపోతున్నాయి. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కు లారవెల్ 2015లో 5.0 రూపంతో ఫామ్, హెచ్‌టీఎంఎల్ హెల్పర్లను వదిలేసింది. వాటిని వేరే బృందం కొంతకాలం నడిపింది. జాంగో ఫారాల్లోని పెట్టెలు 1.11 దాకా పైథాన్ కోడులోనే ట్యాగులు కూర్చుకునేవి. 2017లో ఆ రూపంతో వాటిని టెంప్లేట్లకు మార్చారు. ఎలిక్సిర్ వారి ఫీనిక్స్ కూడా 2023లో తన కంటెంట్_ట్యాగ్ తరహా ఫంక్షన్లను విడిగా ఒక ప్యాకేజీలోకి పంపేసింది. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ.నెట్ ప్రయాణమూ అటే. 2002 నాటి సర్వర్ కంట్రోళ్లు ఎలాంటి ట్యాగులు కక్కుతాయో రాసినవారికే తెలిసేది కాదు. తరువాత ఎంవీసీలో హెల్పర్లు వచ్చాయి, 2016లో మామూలు ట్యాగులాగే కనిపిస్తూ సర్వరులో నడిచే ట్యాగ్ హెల్పర్లు వచ్చాయి. డిజైనర్లు, ప్రోగ్రామర్లు ఒకే ఫైలును చదవగలగాలన్న కోరికే ఈ కదలికకు కారణమని నాకు అనిపిస్తుంది. అది న్యాయమైన కోరిక.

అయితే టెంప్లేటు దాకా వెళ్లనక్కరలేని చిన్న ట్యాగులు పైథాన్ కోడులో మిగిలే ఉంటాయి. వాటికి జాంగో 1.5లో ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్ ఇచ్చింది. ట్యాగుల మూస ఒకవైపు, విలువలు విడిగా ఇంకోవైపు. విలువలు మూసలోకి చేరేటప్పుడే ఎస్కేప్ అవుతాయి. కొందరు విలువలను ముందే మూసలో పొదిగేసి, ఆ ఒక్క స్ట్రింగునే ఇచ్చేవారు. పిలిచింది సురక్షితమైన ఫంక్షనునే, రక్షణ మాత్రం సున్నా. 2023 చివర వచ్చిన జాంగో 5.0 విలువలు లేకుండా దాన్ని పిలిస్తే హెచ్చరించడం మొదలుపెట్టింది. చిన్న మార్పే గానీ, ఎంతో ఆలోచించి చేసింది.

చేత్తో రాసే టెంప్లేటు, ఫంక్షన్లు పుట్టించే చెట్టు అన్న రెండు ఒడ్డులనూ కలిపింది జేఎస్‌ఎక్స్ అని నా నమ్మకం. 2010లో ఫేస్‌బుక్ పీహెచ్‌పీ కోసం ఎక్స్‌హెచ్‌పీ అనే పొడిగింపును బయటికి వదిలింది. ట్యాగును కోట్లు లేకుండా నేరుగా భాషలోనే రాయవచ్చు, భాష దాన్ని వస్తువుగా అర్థం చేసుకుంటుంది. 2013లో వచ్చిన రియాక్ట్ అదే ఆలోచనను జేఎస్‌ఎక్స్ పేరుతో జావాస్క్రిప్టుకు తెచ్చింది. కంటికి కనిపించేది ట్యాగు, కంపైలయ్యాక మిగిలేది ఫంక్షన్ పిలుపు, చేతికొచ్చేది చెట్టు. డిజైనరుకూ చదవొస్తుంది, ప్రోగ్రాముకూ తేడా గుర్తుంటుంది. పచ్చి హెచ్‌టీఎంఎల్ పెట్టి తీరాలంటే డేంజరస్‌లీసెట్‌ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ అన్న పొడుగాటి పేరు పూర్తిగా టైపు చేయాలి. ప్రమాదాన్ని పేరులోనే పెట్టడం మంచి పని. రైల్స్ తన పిలుపుకు "సేఫ్" అని పేరు పెట్టి చేసిన పొరపాటు ఇక్కడ జరగలేదు.

రియాక్ట్‌లోనూ ఒక ఆసక్తికరమైన పగులు కనిపించింది. చెట్టు వస్తువులతో తయారవుతుంది కదా, జేసన్‌గా వచ్చిన డేటా కూడా వస్తువే. స్ట్రింగు వస్తుందనుకున్న చోట దాడి చేసేవాడు రియాక్ట్ ట్యాగులా కనిపించే వస్తువును డేటాబేసులోకి పంపగలిగితే, అది పాఠ్యంగా కాక ట్యాగుగానే గీయబడుతుంది. 2015లో 0.14 రూపం నుంచి ప్రతి నిజమైన ట్యాగు వస్తువులోనూ ఒక సింబల్ పెడుతున్నారు. జేసన్ సింబల్‌ను మోయలేదు. బయటి నుంచి వచ్చినదానికి ఆ గుర్తు ఎప్పటికీ ఉండదు. ఎంత పొందికైన పరిష్కారమో!

ఎస్కేప్ అనేది ఒకే పని కాదన్నది వీటన్నింటికంటే లోతైన సమస్య. కోణం గుర్తులు, కోట్లు, యాంపర్‌సాండ్ మార్చితే ట్యాగుల మధ్య పాఠ్యానికి సరిపోతుంది. లింకు చిరునామా దగ్గర సరిపోదు. "జావాస్క్రిప్ట్" అన్న పేరు, దాని పక్కన కోలన్‌తో మొదలయ్యే చిరునామాలో ఎస్కేప్ చేయాల్సిన అక్షరం ఒక్కటీ ఉండకపోవచ్చు, నొక్కితే మాత్రం కోడు నడుస్తుంది. రియాక్ట్ 2019 నుంచి దీని మీద హెచ్చరించి, 19వ రూపంలో పూర్తిగా ఆపేసింది. స్క్రిప్ట్ ట్యాగు లోపల జేసన్ పెడితే ఇంకో చిక్కు. డేటాలో ఎక్కడో స్క్రిప్టును మూసే ట్యాగు ఉంటే బ్రౌజరు అక్కడే స్క్రిప్టును ముగించేస్తుంది. జాంగోలో దీనికోసం జేసన్_స్క్రిప్ట్ అనే ఫిల్టరు ఉంది.

ఈ విషయంలో గో భాష టెంప్లేట్లు నాకు అన్నిటికంటే నచ్చుతాయి. టెంప్లేటునే హెచ్‌టీఎంఎల్‌గా చదివి, విలువ పడే చోటు ఏమిటో కనిపెట్టి, ఆ చోటుకు తగిన ఎస్కేప్ ఎంచుకుంటాయి. పాఠ్యమా, ఆట్రిబ్యూటా, చిరునామానా, స్క్రిప్టులోని స్ట్రింగా అన్నది మనిషి చెప్పనక్కరలేదు. అదీ అభేద్యం కాదు. జావాస్క్రిప్టులో బ్యాక్‌టిక్ కోట్లతో కొత్త రకం స్ట్రింగులు వచ్చాక, అవి స్ట్రింగులని గో గుర్తించలేదు. 2023లో ఈ లోపం బయటపడినప్పుడు మొదట చేసిన పని, అలాంటి చోట విలువ పెట్టిన టెంప్లేటును నడపకుండా ఆపేయడం. తెలియని చోట ఊహించడం కంటే ఆగిపోవడమే మేలని ఒప్పుకున్న నిజాయితీ అది.

మన అక్షరాల దగ్గర

తెలుగు పాఠ్యం మీద ఈ హెల్పర్లు పనిచేసేటప్పుడు వేరే రకం పగుళ్లు వస్తాయి. వెతికిన మాటను పేజీలో మార్క్ ట్యాగుతో రంగు వేసి చూపే హైలైట్ హెల్పరు రైల్స్‌లో ఉంది. "రామ" అని వెతికామనుకోండి. పాఠ్యంలో "రాముడు" ఉంది. యూనికోడ్‌లో "ము" అంటే "మ" ఒకటి, కొమ్ము ఒకటి, రెండు కోడ్ పాయింట్లు. హెల్పరు కోడ్ పాయింట్లనే చూస్తుంది కాబట్టి "రామ" దొరికిందనుకుని, "మ" తరువాత ట్యాగు మూసేస్తుంది. కొమ్ము ట్యాగు బయట పడుతుంది. అక్షరం మధ్యలోంచి ట్యాగు వెళ్లింది. రంగు సగానికే పడవచ్చు, గుణింతం అక్షరం నుంచి విడిపోయి చుక్కల వలయం మీద వేలాడవచ్చు. పాఠ్యాన్ని కత్తిరించి చివర మూడు చుక్కలు పెట్టే హెల్పర్లదీ ఇదే కథ. "క్ష" మధ్యలో కోస్తే పొల్లు "క్" మిగులుతుంది. కోయడం, చుట్టడం ఎప్పుడూ పూర్తి అక్షరం అంచు దగ్గరే జరగాలి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాని ఒకే అక్షరంగా లెక్కించే నియమం చేర్చింది. ఇక ఆ నియమాన్ని వాడుకోవాల్సింది హెల్పర్లు రాసేవారే.

వాక్యం నడుమ లింకు వచ్చినప్పుడు ఇంకో ఇబ్బంది. ఇంగ్లిషు పేజీకి రాసిన కోడు తరచుగా ముందు మాటలు, లింకు, వెనుక మాటలు అని మూడు ముక్కలు అతికిస్తుంది. తెలుగులో క్రియ చివరికి పోతుంది, విభక్తి లింకు మాటకే అతుక్కుంటుంది. "నిబంధనలు" అన్న లింకు పక్కన "ను" తగిలించి "నిబంధనలను" తెప్పించలేం. అనువాదకుల చేతికి ట్యాగుతో సహా పూర్తి వాక్యం ఇవ్వాలి. రైల్స్‌లో అనువాద కీ పేరు చివర హెచ్‌టీఎంఎల్ అని ఉంటే, ఆ వాక్యంలోని ట్యాగులను నమ్ముతుంది, మధ్యలో చేరే విలువలను మాత్రం ఎస్కేప్ చేస్తుంది. సరిగ్గా కావాల్సింది అదే. తెలుగు అక్షరాలను సంఖ్యా సంకేతాలుగా నిలవచేసిన పాత డేటాబేసులను కొత్త ఫ్రేమ్‌వర్కుకు మార్చేవారు ఇంకొకటి చూసుకోవాలి. "త" బదులు యాంపర్‌సాండ్, 3108తో కూడిన సంకేతం ఉంటే, ఎస్కేప్ ఆ యాంపర్‌సాండ్‌నే మార్చేసి, తెర నిండా అంకెలు పరుస్తుంది. అప్పుడు చేయాల్సింది డేటాను యూనికోడ్‌కు మార్చడం. ఎస్కేప్ ఆపేయడం కాదు.

వేగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ట్యాగులు కూర్చడానికి పట్టే సమయం సాధారణంగా డేటాబేసు ముందు చిన్నది. వేల వరుసల పట్టికలో ప్రతి గడికీ ఒక హెల్పరును పిలిస్తే తప్ప అది కంటికి ఆనదు.

ఇటీవలి రెండు పరిణామాలు ఈ ప్రశ్నను ఫ్రేమ్‌వర్కుల బయటికి తీసుకెళ్తున్నాయి. 2020లో క్రోమ్ 83తో బ్రౌజరులోకే ట్రస్టెడ్ టైప్స్ వచ్చింది. సైటు కోరితే, ప్రమాదకరమైన చోట్లలో మామూలు స్ట్రింగును బ్రౌజరే తిరస్కరిస్తుంది. రెండోది 2025 అక్టోబరులో పైథాన్ 3.14తో వచ్చిన టీ-స్ట్రింగులు. పైథాన్‌వారికి అలవాటైన ఎఫ్-స్ట్రింగులో విలువలను పొదగగానే అంతా ఒకే స్ట్రింగైపోతుంది, ఏ ముక్క ఎక్కడిదో చెరిగిపోతుంది. టీ-స్ట్రింగు రాయడానికి దాదాపు అలాగే ఉంటుంది, మొదటి అక్షరం ఒక్కటే తేడా. కానీ అది స్ట్రింగు కాదు. ప్రోగ్రామరు రాసిన ముక్కలనూ, నడుమ వచ్చిన విలువలనూ విడివిడిగా పట్టుకుని ఉంటుంది. వాటిని కలిపి హెచ్‌టీఎంఎల్ చేయడం లైబ్రరీ పని. ఆ లైబ్రరీకి టీ-స్ట్రింగు బదులు మామూలు స్ట్రింగు అందితే ఏం చేయాలన్నది ఇప్పుడు లైబ్రరీలు రాసేవారు నిర్ణయించాలి. అతికిన స్ట్రింగును అక్కడికక్కడే ఎర్రరుతో తిప్పి పంపే లైబ్రరీనే నేను ఎంచుకుంటాను.